పొరుగు గెలాక్సీల నాడి పట్టడం ఎలా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

న్యూట్రాన్ నక్షత్రాల మీద పోయిన నెల వేసిన వ్యాసానికి బెంగళూరు పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇస్రో ఎక్స్-రే ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ని కూర్చింది ఈ ఊళ్లోనే, దాని డేటా చేరేది ఊరికి దగ్గర్లోని బ్యాలాలులోనే. అందుకేనేమో చాలామంది “మేం కూడా వెతకొచ్చా?” అని అడిగారు. వెతకొచ్చు. అయితే పాలపుంత అవతలి పల్సర్‌ని, అంటే తిరుగుతూ లయగా మెరిసే న్యూట్రాన్ నక్షత్రాన్ని, పట్టడంలో కష్టం ఎక్కడుందో ముందే తెలిస్తే నెలల శ్రమ మిగులుతుంది. అందుకే ఈసారి జవాబులు కాస్త పొడుగ్గా ఇస్తున్నాం.

ఎం82 గెలాక్సీలో 2014లో దొరికిన పల్సర్‌ని అంత వింతగా ఎందుకు చెప్తారు? పల్సర్లు మన పాలపుంతలోనే బోలెడున్నాయి కదండీ?
– డిగ్రీ విద్యార్థిని, యలహంక

పల్సర్ దొరకడం వింత కాదమ్మా, దాని వెలుగు వింత. 1971లోనే ఉహురు ఉపగ్రహం సెంటారస్ ఎక్స్-3లో 4.8 సెకన్ల పల్స్‌ని చూసింది. అప్పటి నుంచి బొమ్మ స్థూలంగా ఒకటే. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వ్యాసంలో సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు ద్రవ్యరాశి కుక్కుకున్న న్యూట్రాన్ నక్షత్రం, పక్కనున్న తోడు నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఆ వాయువును ధ్రువాల దగ్గరికి మళ్లిస్తుంది. పడినచోట ఎక్స్-కిరణాలు పుడతాయి. నక్షత్రం తిరుగుతున్న కొద్దీ ఆ మెరుపు మన వైపు వచ్చి పోతూ ఉంటుంది.

ఈ వెలుగుకి ఎడింగ్టన్ హద్దు అని ఒక హద్దు ఉంది. వెలుగు మరీ ఎక్కువైతే దాని ఒత్తిడే లోపలికి పడే వాయువును వెనక్కి తోసేస్తుంది. 1.4 సూర్యుల ద్రవ్యరాశికి ఆ హద్దు దాదాపు 46 వేల సూర్యుల వెలుగు. ఎం82లోని ఎక్స్-2 దీనికి దాదాపు వంద రెట్లు వెలుగుతోంది. ఇంత వెలుగున్నవాటిని అంతకుముందు దాదాపు అందరూ కృష్ణబిలాల ఖాతాలో వేసేవారు. ద్రవ్యరాశి పెరిగితే హద్దూ పెరుగుతుంది కాబట్టి, వందలో వేలో సూర్యుల బరువున్న కృష్ణబిలం అనుకుంటే లెక్క సరిపోయేది. కానీ కృష్ణబిలానికి ఉపరితలం లేదు, దానికి పాతుకుని తిరిగే అయస్కాంత ధ్రువాలూ లేవు. గడియారంలా కొట్టుకునే పల్స్ దాని నుంచి రాదు. 1.37 సెకన్లకోసారి పల్స్ కనిపించడంతో ఆ ఒక్క వస్తువు విషయంలో వాదం ముగిసింది.

అసలు దీన్ని పట్టిన నూస్టార్ అనే ఎక్స్-రే దూరదర్శిని ఎం82 వైపు తిరిగింది పల్సర్ కోసం కాదు. 2014 జనవరిలో అక్కడ ఎస్ఎన్ 2014జే అనే సూపర్నోవా పేలితే దాన్ని రోజుల తరబడి చూసింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటారే, ఇక్కడ వేరే తీగ కోసం వెళితే ఇది తగిలింది.

హద్దు దాటడం ఎలా సాధ్యం? వాయువు సన్నని స్తంభంలా ధ్రువం మీద పడుతుంది, వెలుగు ఆ స్తంభం పక్కల నుంచి బయటపడుతుంది. కాబట్టి పైనుంచి పడేదానికి నేరుగా ఎదురు తగలదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు ఎక్స్-కిరణాలను చెదరగొట్టడం కూడా తగ్గుతుంది. వెలుగు ఒకే దిక్కుకి గరాటులా కూడి మనకు ఎక్కువగా అనిపిస్తోందేమో అని కూడా అన్నారు. ఈ చివరిదొక్కటే కారణమైతే నిజంగా పడే సరుకు తక్కువ ఉండాలి. కానీ ఎక్స్-2 రెండున్నర రోజుల కక్ష్య ఏటేటా కుంచించుకుపోతున్న తీరును కొలిస్తే, తోడు నక్షత్రం నుంచి ఏడాదికి సుమారు ఒకటిన్నర భూముల బరువు సరుకు దిగుతోందని తేలింది. అంత సరుకు పడుతుంటే ఆ వెలుగు చాలామటుకు నిజమైనదేనని మా అభిప్రాయం.

దీని తోబుట్టువులు కూడా దొరికాయి. ఎన్‌జీసీ 7793 గెలాక్సీలోని పీ13 అయితే 0.42 సెకన్లు. దాదాపు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 5907లో ఉన్నది 2003లో 1.43 సెకన్లకోసారి తిరిగేది, 2014కి 1.13 సెకన్లకు వచ్చింది. పడే వాయువు పక్కనుంచి తిప్పుతూ ఉండబట్టే ఈ వేగం. ఎన్‌జీసీ 300లోని దాన్ని 2010లో మొదట సూపర్నోవా అనుకున్నారు. 2016 డిసెంబరులో చూస్తే 31.6 సెకన్ల పల్స్ ఉంది, అదీ రోజుకు దాదాపు 0.05 సెకను చొప్పున తగ్గిపోతోంది. మామూలు పల్సర్ల లెక్కన ఇది విపరీతమైన వేగం.

నాకు పైథాన్ బాగా వచ్చు. వారాంతాల్లో ఇంట్లోనే డేటా తీసుకుని వేరే గెలాక్సీలో పల్సర్ వెతకాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత కంప్యూటర్ కావాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్లి

కంప్యూటర్ గురించి బెంగ వద్దు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఉబుంటు, వంద జీబీ ఖాళీ జాగా ఉంటే చాలు. ఎక్స్-రే డేటాని విశ్లేషించే నాసా వారి హీసాఫ్ట్ ఉచితం, స్టింగ్‌రే అనే పైథాన్ లైబ్రరీ కూడా ఉచితమే. ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో వారి ఆస్ట్రోబ్రౌజ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే దొరుకుతుంది.

మొదటి నెల కొత్తదాన్ని వెతకకండి. దొరికిందే మళ్లీ పట్టండి. దీనికి పొరుగునున్న చిన్న గెలాక్సీ, చిన్న మాగెలాన్ మేఘంలోని ఎస్ఎంసీ ఎక్స్-1ని మించింది లేదు. పాలపుంత బయటిదే, 2 లక్షల కాంతి సంవత్సరాల దూరం, పల్స్ 0.7 సెకను, వెలుగు దండిగా ఉంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. 3.89 రోజుల కక్ష్యలో అది కాసేపు తోడు నక్షత్రం చాటుకి పోతుంది. పైగా 40 నుంచి 60 రోజుల చక్రంలో ఒక దశలో మసకబారుతుంది. ఆ సమయాల్లో తీసిన డేటాతో కూర్చుంటే మీ ప్రోగ్రామ్ తప్పో, ఆకాశం తప్పో తేల్చుకోలేరు.

ఇక వరస. ఎక్స్-రే దూరదర్శిని ఇచ్చేది ఫోటో కాదు, ఫోటాన్ల చిట్టా. ఒక్కో ఫోటాన్ ఎప్పుడొచ్చింది, ఎంత శక్తితో, ఎటునుంచి అనేవి ఒక్కో వరుసలో ఉంటాయి. దీన్ని శుభ్రం చేసి, మీకు కావలసిన వస్తువు చుట్టూ గుండ్రంగా గీసి అక్కడి ఫోటాన్లనే తీసుకోండి. ఆ తర్వాత, బిన్లు (సమానమైన కాలపు ముక్కలు) కట్టకముందే, సమయాలన్నీ సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి అదే పల్స్ ఏడాదిలో ఒకప్పుడు 8 నిమిషాలు ముందు, ఇంకొకప్పుడు 8 నిమిషాలు వెనక అందుతుంది. ఆస్ట్రోశాట్‌కి ఈ పని చేసే ప్రోగ్రామ్ పేరు ఏఎస్1బేరీ, నూస్టార్ లాంటివాటికి బేరీకార్. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఫోటాన్ల సమయాలు మార్చి, మంచి డేటా వచ్చిన వేళల పట్టికను పాత సమయాల్లోనే వదిలేస్తారు. అంచుల దగ్గర ఫోటాన్లు తెగిపోయి లేని గీతలు పుడతాయి. మార్చితే రెండూ కలిపి మార్చండి.

తర్వాత ఎఫ్ఎఫ్‌టీ, అంటే డేటాలో దాగిన లయలను పౌనఃపున్యాల వారీగా విడదీసే లెక్క. బిన్ నిడివి మీరు వెతికే అతి చిన్న పల్స్‌లో సగానికి మించకూడదు. ఆ లయల బలాన్ని కొలిచే లీహీ కొలతలో ఉత్త గోల (నాయిస్) సగటు శక్తి 2 ఉంటుంది. ఎంత ఎత్తు శిఖరాన్ని నమ్మాలనేది మీరు ఎన్ని చోట్ల వెతికారనే దాన్ని బట్టి మారుతుంది. లక్ష పౌనఃపున్యాలు చూస్తే మూడు సిగ్మా నమ్మకానికి (గోలే అలా కనిపించే అవకాశం వెయ్యికి సుమారు మూడు) 35 దాటాలి, కోటి చూస్తే 44. లాటరీ టికెట్లు ఎక్కువ కొన్నవాడికి ఏదో ఒకటి తగులుతుంది, దాన్ని ప్రతిభ అనుకోకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక వస్తువు మీద పనికి కూర్చునేముందు అది ఎంత వెలుగుతుందో కాదు, దాని నుంచి ఎన్ని ఫోటాన్లు వచ్చాయో చూడాలి. వెలుగులో 10 శాతం మాత్రమే ఎక్కి దిగుతుంటే, గోల మించి పల్స్ కనిపించడానికి సుమారు 10 వేల ఫోటాన్లు కావాలి. 20 శాతమైతే 2,500 చాలు. సెకనుకు 0.1 ఫోటాన్ వచ్చే వస్తువు నుంచి 10 వేలు రావాలంటే లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు చూడాలి. వచ్చినవాటిలో సగం పక్క వస్తువులవో నేపథ్యానివో అయితే పల్స్ శాతం సగమై, మొత్తం ఫోటాన్లు నాలుగింతలు కావాలి.

సరే, 28 గంటల డేటా దొరికిందనుకుందాం. అప్పుడు కక్ష్య అడ్డొస్తుంది. తిరనాళ్లలో జెయింట్ వీలెక్కిన పిల్లాడు బూర ఊదుతుంటే, వాడు మనవైపు వస్తున్నప్పుడు ఒక శ్రుతి, దూరంగా పోతున్నప్పుడు ఇంకో శ్రుతి. పల్సర్‌దీ అదే తీరు. ఎం82 ఎక్స్-2 కక్ష్య వ్యాసార్థం మన దృష్టి రేఖలో 22 కాంతి సెకన్లు, కక్ష్యాకాలం 2.5 రోజులు. లెక్కేస్తే 1.37 సెకన్ల పల్స్ దాదాపు 0.9 మిల్లీసెకను అటూ ఇటూ జరుగుతుంది. ఇది చిన్నగా అనిపిస్తుంది గానీ, 50 వేల సెకన్ల డేటాని ఒకేసారి ఎఫ్ఎఫ్‌టీ చేస్తే శిఖరం పదుల పౌనఃపున్య గడుల్లోకి చెదిరి మాయమైపోతుంది. వేగం మార్పు గరిష్ఠంగా ఉన్నచోట శిఖరం ఒకే గడిలో నిలవాలంటే ఒకేసారి తీసుకునే డేటా ముక్క 8,500 సెకన్లు దాటకూడదు. కానీ అంత చిన్న ముక్కలో ఫోటాన్లు చాలవు!

దీనికి మందు త్వరణ శోధన. వస్తువు ఫలానా త్వరణంతో కదులుతోందని అనుకుని, ప్రతి ఫోటాన్ సమయాన్ని ఆ సమయం వర్గానికి (స్క్వేర్‌కి) అనుపాతంగా కొంచెం సాగదీసి, మళ్లీ ఎఫ్ఎఫ్‌టీ చేయాలి. ఒక్కో త్వరణానికీ ఇలా చేయాలి. ముక్క నిడివి కక్ష్యాకాలంలో పదో వంతు మించనివ్వకండి, మించితే త్వరణం ఒకటే ఉందన్న ఊహ చెల్లదు. రెండున్నర రోజుల కక్ష్యకి అది సుమారు 21 వేల సెకన్లు. ప్రయత్నాల సంఖ్య పెరుగుతుంది కాబట్టి నమ్మే హద్దునూ పెంచుకోండి. ఇది మర్చిపోయి సంబరపడేవాళ్లు చాలామంది.

శిఖరం నిలిచిందా? అప్పుడు డేటాని ఆ కాలంతో మడతపెట్టాలి. చీర మడతపెట్టేటప్పుడు అంచు మీద అంచు పడాలి కదా, కాలం సరిగ్గా ఉంటే ప్రతి పల్సూ ముందుదాని మీద అలాగే కూర్చుంటుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెయ్యి మడతలకి అంచు ఎక్కడికో జారిపోతుంది. హీసాఫ్ట్‌లో ఈఎఫ్‌సెర్చ్ చుట్టుపక్కల కాలాలన్నీ ప్రయత్నించి ఏది బాగా కుదిరిందో చెప్తుంది, ఈఫోల్డ్ ఆ కాలంతో మడతపెట్టి చూపిస్తుంది.

ఇక ఏ ఉపగ్రహం డేటా వాడాలి? మాగెలాన్ మేఘాల్లో ఏదైనా ఉన్నట్టుండి విజృంభిస్తే ఆస్ట్రోశాట్ లాక్స్‌పీసీ చక్కని పరికరం. సమయాన్ని 10 మైక్రోసెకన్ల వరకు పట్టగలదు. 1993 తర్వాత పాతికేళ్లకు పైగా నిద్రపోయిన ఆర్ఎక్స్ జే0209.6-7427 అనే వస్తువు 2019 నవంబరులో లేచినప్పుడు, దాని 9.3 సెకన్ల పల్స్‌ని ఆస్ట్రోశాట్‌తో మనవాళ్లు శ్రద్ధగా పరిశీలించారు. ఎడింగ్టన్ హద్దు దాటిన వెలుగు అది. అయితే 2018 మార్చి తర్వాతి డేటాకి మూడు లాక్స్‌పీసీ యూనిట్లలో 20వ నంబరు దాన్నే నమ్ముకోండి. 30ని వాయువు కారిపోయి ఆపేశారు, 10వ దాని గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) నిలకడగా లేదు.

ఎం82 లాంటి దూరపు గెలాక్సీలకు మాత్రం లాక్స్‌పీసీ వద్దు. అది బొమ్మ తీయదు, దాదాపు ఒక డిగ్రీ వెడల్పులో ఉన్నదంతా కలిపి లెక్కపెడుతుంది. ఎం82కి పక్కనే 37 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను) దూరంలో ఎం81 ఉంది, దాని కేంద్రం కూడా ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. అంతెందుకు, ఎం82లోనే ఎక్స్-1, ఎక్స్-2 మధ్య ఎడం 5 ఆర్క్ సెకన్లు. నూస్టార్ కూడా వాటిని విడదీయలేకపోయింది. పల్స్ ఎవరిదో తేల్చడానికి అర ఆర్క్ సెకనుని చూడగల చంద్రా ఎక్స్-రే దూరదర్శిని కావాల్సి వచ్చింది.

దూరపు గెలాక్సీలకు మా ఓటు యూరప్ వారి ఎక్స్-రే ఉపగ్రహం ఎక్స్‌ఎంఎం-న్యూటన్ పాత డేటాకి. దాని పీఎన్ కెమెరా మామూలు పద్ధతిలో 73 మిల్లీసెకన్లకోసారి చదువుతుంది. కక్ష్య పొడుగాటిది, రెండు రోజులు పడుతుంది కాబట్టి ముప్పై గంటలకు పైగా ఆగకుండా చూడగలదు. ఆస్ట్రోశాట్, నూస్టార్ భూమికి దగ్గరగా తిరుగుతాయి, గంటన్నరకోసారి భూమి అడ్డొచ్చి డేటాకి చిల్లులు పడతాయి. ఆండ్రోమెడా గెలాక్సీలోని 1.2 సెకన్ల పల్సర్ ఎక్స్‌ఎంఎం పాత చిట్టాలను జల్లెడ పడితేనే దొరికింది. ఎన్‌జీసీ 5907 పల్స్ కూడా 2003 డేటాలో పదేళ్లకు పైగా ఎవరూ చూడకుండా పడి ఉంది. మీకూ చోటుంది అనడానికి ఇదే ఆధారం.

ఒకసారి వెతికితే కనిపించలేదని వస్తువుని కొట్టేయకండి. ఎన్‌జీసీ 1313లోని ఎక్స్-2 లాంటివాటిలో కొన్ని పరిశీలనల్లోనే పల్స్ కనిపించింది, మిగతావాటిలో లేదు.

చిన్న మాగెలాన్ మేఘం డేటా మీద ఎఫ్ఎఫ్‌టీ చేశాను. లాక్స్‌పీసీలో 5,860 సెకన్ల దగ్గర పెద్ద శిఖరం, దాని సగం, మూడో వంతు దగ్గర కూడా ఉన్నాయి. ఇంకో వస్తువుకి ఆస్ట్రోశాట్‌లోనే ఉన్న ఎస్ఎక్స్‌టీ దూరదర్శినిలో 9 సెకన్ల దగ్గర చిన్న శిఖరం వచ్చింది. వీటిలో ఏదైనా పల్సరేనా?
– విశ్రాంత ఇంజినీరు, జాలహళ్లి

మొదటిది కాదండీ. 650 కిలోమీటర్ల ఎత్తులో ఆస్ట్రోశాట్ భూమిని ఒకసారి చుట్టడానికి దాదాపు 5,860 సెకన్లు పడుతుంది. ప్రతి చుట్టులో భూమి అడ్డొచ్చి డేటా ఆగుతుంది, నేపథ్యమూ పెరిగి తగ్గుతుంది. ఆ లయనే మీ ప్రోగ్రామ్ పట్టుకుంది. సగం, మూడో వంతు దాని పిల్లలు. కొన్ని వందల సెకన్లు దాటిన కాలాల్లో ఏ శిఖరం వచ్చినా ముందు 5,860ని దానితో భాగించి చూడండి. పూర్ణాంకం వస్తే వదిలేయండి. అక్కడ వస్తువు సొంత మినుకు కూడా నెమ్మదైన కాలాల్లో ఎక్కువ కాబట్టి, గోల సగటు 2 అన్న లెక్క నిలవదు. నమ్మకం హద్దుని స్థానిక గోలని బట్టి మార్చుకోవాలి.

రెండోది ఆసక్తికరం. ఎస్ఎక్స్‌టీ మామూలు పద్ధతిలో 2.38 సెకన్లకోసారి చదువుతుంది. అంటే 4.76 సెకన్ల కంటే వేగమైన పల్స్‌ని అది నేరుగా చూడలేదు. కానీ వేగమైన పల్స్ పూర్తిగా పోదు, బాగా నీరసించి వేరే కాలం వేషంలో తేలుతుంది. ఉదాహరణకి 1.37 సెకన్ల పల్స్ ఎస్ఎక్స్‌టీలో దాదాపు ఏడో వంతు బలంతో 9 సెకన్ల దగ్గర ముఖం చూపిస్తుంది. కాబట్టి మీ 9 సెకన్లు నిజమో వేషమో తేలాలంటే అదే వస్తువుని అదే సమయంలో చూసిన లాక్స్‌పీసీ చిట్టాలో 9 సెకన్ల చుట్టూ వెతకండి. దొరక్కపోతే 2.38 సెకన్ల చదువుకి 9 సెకన్ల వేషం వేయగల కాలాలు 3.2, 1.9, 1.37 లాంటివి ఉంటాయి, వాటి దగ్గరా చూడండి. ఎక్కడా లేకపోతే గోలే. శిఖరం ఎత్తు ఎంతో, ఎన్ని పౌనఃపున్యాలు చూశారో మీరు రాయలేదు. అవి లేకుండా ఇంతకంటే గట్టిగా చెప్పడం న్యాయం కాదు.

చిన్న మాగెలాన్ మేఘం పాలపుంత ముందు చీమంత. మరి అక్కడ అన్ని పల్సర్లు ఎలా?
– పాఠకుడు, కె.ఆర్.పురం

ఆ చీమలో అరవైకి పైగా ఎక్స్-రే పల్సర్లు దొరికాయి. ద్రవ్యరాశి నిష్పత్తిలో అయితే ఒకటో రెండో ఉండాలి. కారణం పంట కాలం. అక్కడ సుమారు నాలుగు కోట్ల ఏళ్ల కింద నక్షత్రాలు పెద్ద ఎత్తున పుట్టాయి. అందులో పెద్దవి ఈపాటికి పేలి న్యూట్రాన్ నక్షత్రాలయ్యాయి, వాటి తోడుగా వేగంగా తిరిగే బీఈ రకం నక్షత్రాలు ఇంకా బతికే ఉన్నాయి. బీఈ నక్షత్రం నడుము చుట్టూ ఉన్న వాయువు చక్రంలోంచి న్యూట్రాన్ నక్షత్రం దూరినప్పుడల్లా ఎక్స్-కిరణాలు ఎగుస్తాయి. మిగతా సమయంలో నిశ్శబ్దం. అందుకే ఒకసారి చూస్తే సరిపోదు. ఆర్ఎక్స్‌టీఈ ఉపగ్రహం ఏళ్ల తరబడి వారం వారం ఆ మేఘాన్ని చూడబట్టే చాలా వాటి లెక్క తేలింది. మనకు అడ్డుగా పాలపుంత ధూళి తక్కువ, అన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి వెలుగులు పోల్చుకోవడమూ సులువు.

వీటి పేర్లు కూడా కాలాన్ని బట్టే ఉంటాయి. ఎస్ఎక్స్‌పీ 1062 అంటే 1,062 సెకన్లకోసారి కొట్టుకునేది. అంత నెమ్మదిగా తిరిగేది ఇంకా తన సూపర్నోవా శిథిలం మధ్యలోనే ఉంది. ఇంత చిన్న వయసులో అంత నెమ్మది ఎలా వచ్చిందన్నది మాకు ఈ పల్సర్లన్నిటిలో అన్నిటికంటే నచ్చిన ప్రశ్న.

వీటిని బెంగళూరు నుంచి టెలిస్కోప్‌తో చూడొచ్చా? పిల్లలకు చూపించాలని ఉంది.
– ఉపాధ్యాయురాలు, విజయనగర

పల్స్ కనిపించదండీ. ఎక్స్-కిరణాలను గాలి మింగేస్తుంది, అందుకే ఉపగ్రహాలు. కానీ అవి ఉన్న గెలాక్సీలను చూపించొచ్చు. చిన్న మాగెలాన్ మేఘం మన 13 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణ దిక్కున నాలుగు డిగ్రీలే లేస్తుంది, పెద్దది ఏడు. ఊళ్లో ఆశ వదులుకోండి.

ఎం82 మంచి ఎంపిక. ఏప్రిల్ మొదటి వారంలో రాత్రి తొమ్మిదికి ఉత్తరాన 33 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సప్తర్షి మండలం ఆధారంగా వెతకొచ్చు. ప్రకాశం 8.4 మాగ్నిట్యూడ్, కాబట్టి 4 అంగుళాల టెలిస్కోప్‌కి అందుతుంది, 6 అంగుళాలైతే నయం. తక్కువ పవర్ ఐపీస్ పెడితే గుండ్రని మసక ఎం81, చుట్ట ముక్కలా సన్నగా ఎం82 రెండూ ఒకే చూపులో పడతాయి. ఊరి దీపాల్లో కష్టం, ఉత్తరాన పట్నం వెలుగు లేని చోటుకి వెళ్లండి. అంటే ఊరికి ఉత్తరం వైపు దాటి వెళ్లాలి, దక్షిణం వైపు వెళితే బెంగళూరు వెలుగంతా సరిగ్గా ఎం82 కిందే ఉంటుంది. అమావాస్య దగ్గరి రోజు చూసుకుని, పిల్లల కళ్లు చీకటికి అలవాటు పడేలా ఇరవై నిమిషాలు ఫోన్లు తీయనివ్వకండి.